మూలికల డబ్బాతో బాస్కెట్‌బాల్ ఆట మెరుగవుతుందా?

పాఠకుల ప్రశ్నలకు క్రీడా వైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ జిల్లా జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. రెండు నెలల్లో రాష్ట్ర జట్టు ఎంపికలు ఉన్నాయి. వాడు వెళ్లే జిమ్‌లో అశ్వగంధ, పల్లేరు, శిలాజిత్, సఫేద్ ముస్లీ కలిపిన పొడి డబ్బా ఒకటి ఇచ్చారు. రోజూ పాలలో కలుపుకొని తాగితే దమ్ము పెరుగుతుందనీ, ఇంకా ఎత్తుకు ఎగరగలుగుతాడనీ చెబుతున్నారు. ఆయుర్వేదమే కదా, హాని ఏముంటుందని మా ఇంట్లో అంటున్నారు. ఇవ్వవచ్చునా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: ఇవ్వకపోవడమే మంచిది. ఈ మాట ఒక్క ముక్కలో చెప్పి వదిలేయకుండా కారణాలు వివరిస్తాను, ఎందుకంటే ఇలాంటి డబ్బాల గురించి అడిగే తల్లిదండ్రుల సంఖ్య ఈ మధ్య బాగా పెరిగింది.

ముందుగా ఈ ఆట శరీరాన్ని ఏమి అడుగుతుందో చూద్దాం. పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు సాగే మ్యాచ్‌లో, 28 మీటర్ల పొడవున్న కోర్టు మీద, ఆటగాడు ఒకే వేగంతో పరుగెత్తడు. ఆస్ట్రేలియా జాతీయ లీగ్ ఆటగాళ్లను పరిశీలించి 1995లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఒక మ్యాచ్‌లో ఆటగాడి కదలిక తీరు సుమారు వెయ్యిసార్లు మారుతుంది. నూరుకు పైగా సార్లు అతడు శక్తినంతా కూడగట్టుకుని పరుగు తీస్తాడు, అయితే ఆ పరుగు ఒక్కొక్కటి సగటున రెండు సెకన్లు కూడా ఉండదు. ఆట నడుస్తున్నంతసేపూ గుండె నిమిషానికి 168 సార్ల దరిదాపుల్లో కొట్టుకుంటుంది. అంటే ఒక్క ఉదుటున పైకి ఎగరగలగాలి, వెంటవెంటనే పరుగులు తీస్తూ మధ్యలో దొరికే కొద్ది క్షణాల్లో తేరుకోగలగాలి, అలసిపోయిన నాలుగో క్వార్టర్‌లో కూడా గురి తప్పకుండా బంతి వేయగలగాలి. ఏ మూలిక అమ్మేవారైనా అది ఈ మూడింటిలో దేనికి పనికివస్తుందో చెప్పగలగాలి. ‘దమ్ము’, ‘సత్తువ’ అన్న మాటలు వినడానికి బాగుంటాయి గాని, వాటిని కొలవడానికి కొలబద్ద ఉండదు.

మీరు రాసిన నాలుగింటిలో పరిశోధనల బలం కాస్తో కూస్తో ఉన్నది అశ్వగంధకే, అంటే మన పెన్నేరు గడ్డకే. 2015లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనంలో, బరువులెత్తే అలవాటు పెద్దగా లేని 57 మంది పురుషులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల వేరు సారాన్ని, రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్రను ఇస్తూ, ఎనిమిది వారాలపాటు ఇరువురిచేతా ఒకే వ్యాయామం చేయించారు. బెంచ్ ప్రెస్‌లో, అంటే బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఎత్తగలిగిన బరువు అశ్వగంధ వాడినవారికి సగటున 46 కిలోలు పెరిగింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారికి 26 కిలోలు పెరిగింది. అమ్మేవారు మొదటి అంకెనే చెబుతారు. నేను రెండో అంకెను కూడా చూడమంటాను. ఏ మందూ లేకుండానే రెండు నెలల్లో 26 కిలోలు పెరిగారంటే, వారు అప్పటిదాకా కసరత్తు ఎరుగనివారు కావడమే దానికి కారణం. కొత్తగా మొదలుపెట్టినవారి శరీరం ఏ చిన్న ప్రేరణకైనా గట్టిగా స్పందిస్తుంది. ఏళ్ల తరబడి కోర్టు మీద చెమటోడుస్తున్న మీ అబ్బాయి ఆ కోవలోకి రాడు. పైగా ఆ అధ్యయనంలో పాల్గొన్నవారంతా పద్దెనిమిదేళ్లు నిండినవారే.

2012లో వెలువడిన మరో అధ్యయనంలో 40 మంది భారతీయ అగ్రశ్రేణి సైక్లిస్టులు పాల్గొన్నారు. రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల అశ్వగంధ తీసుకున్నవారికి ఎనిమిది వారాల తర్వాత, శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్‌ను వాడుకోగల సామర్థ్యం పెరిగింది. ఇది కొట్టిపారేయదగిన ఫలితం కాదు. పరుగుకూ పరుగుకూ మధ్య తేరుకోవడంలో అలాంటి సామర్థ్యం బాస్కెట్‌బాల్ ఆటగాడికి కూడా ఉపయోగపడుతుంది. అయితే అది సైకిల్ తొక్కేవారిలో ఓర్పు గురించి చెప్పిన మాట; ఎత్తుకు ఎగరడం గురించి అది ఏమీ చెప్పదు.

పల్లేరు కాయల కథ వేరు. ఇవి టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్‌ను పెంచి కండను పెంచుతాయన్న ప్రచారం ప్రపంచమంతా ఉంది. దాన్ని పరీక్షించడానికి ఆస్ట్రేలియాలో ఉన్నత స్థాయి రగ్బీ లీగ్ ఆటగాళ్లకు రోజుకు 450 మిల్లీగ్రాముల పల్లేరు సారాన్ని ఐదు వారాలపాటు ఇచ్చి చూశారు. 2007లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం బలంలో గాని, కండలో గాని, డోపింగ్ పరీక్షల్లో చూసే మూత్రంలోని టెస్టోస్టిరాన్ నిష్పత్తిలో గాని, ఉత్తుత్తి మాత్ర వాడినవారితో పోలిస్తే ఏ తేడా లేదు. ఇక సఫేద్ ముస్లీకి బలవర్ధకమని పేరుంది, ఆటలో దాని ప్రయోజనం అంతకు మించి నిరూపణ కాలేదు. శిలాజిత్ అసలు మూలికే కాదు. హిమాలయాల బండల పగుళ్ల నుంచి వేసవిలో కారే జిగట పదార్థం. దాన్ని సరిగా శుద్ధి చేయకపోతే బండలోని సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలు కూడా దానితోపాటే కడుపులోకి చేరుతాయి. లోహాల భయం ఊరకే చెబుతున్నది కాదు. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను అమెరికాలో పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు ఐదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో బయటపడింది.

అశ్వగంధ కూడా అందరికీ నిరపాయం కాదు. అది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. కొందరికి మగతగా ఉంటుంది. కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ ప్రభుత్వం 2023లో ఆహార ఉత్పత్తుల్లో దాని వాడకాన్నే నిషేధించింది. అంత దూరం వెళ్లాలా అన్నదానిపై నాకు అనుమానం ఉన్నా, ఎదిగే వయసు పిల్లవాడికి నెలల తరబడి ఇవ్వడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఇంకొక్క సంగతి. ఆ డబ్బాను తిప్పి లేబుల్ చదవండి. నాలుగు మూలికల పేర్లూ వరుసగా ఉండి, చివర అన్నింటికీ కలిపి ఒకే బరువు వేసి ఉంటే, అందులో అశ్వగంధ 300 మిల్లీగ్రాములు ఉందో, పేరుకు చిటికెడు ఉందో చెప్పడం ఎవరి తరమూ కాదు. పరిశోధనల్లో వాడినది నిర్ణీత పరిమాణంలో, నిర్ణీత ప్రమాణానికి తెచ్చిన సారం. ఆ ఫలితాలను ఈ పొడికి అంటగట్టడం న్యాయం కాదు. మనిషిని కూర్చోబెట్టి, నాడి చూసి, ప్రకృతిని బట్టి మందు రాసే ఆయుర్వేద వైద్యుడి మీద నాకు గౌరవం ఉంది. జిమ్ కౌంటర్ మీద అందరికీ ఒకే డబ్బా అందించేవారు ఆ వైద్యులు కారు.

ప్రశ్న: నేను విశ్వవిద్యాలయ జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతున్నాను. డోపింగ్ పరీక్షలో పట్టుబడేవి ఇంజెక్షన్లూ, ఇంగ్లీషు మందులేననీ, ఆయుర్వేద మందులు, మూలికలు ఎన్ని వాడినా ఫరవాలేదనీ మా సీనియర్లు అంటున్నారు. ఇది నిజమేనా?
– ఒక క్రీడాకారిణి, వరంగల్

జవాబు: నిజం కాదమ్మా. పరీక్ష చేసే ప్రయోగశాల మూత్రంలో ఏ అణువు ఉందో చూస్తుంది గాని, అది కర్మాగారం నుంచి వచ్చిందా, చెట్టు నుంచి వచ్చిందా అని అడగదు. ఇందుకు ఉదాహరణ మీ ఆటలోనే ఉంది.

పంజాబ్‌లోని బర్నాలా జిల్లాలో బల్లో కే అనే చిన్న గ్రామంలో పుట్టిన సత్నామ్ సింగ్ భమారా, అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2015 డ్రాఫ్ట్‌లో డల్లాస్ మావెరిక్స్ జట్టు 52వ ఎంపికగా తీసుకోవడంతో, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యాడు. దక్షిణాసియా క్రీడల కోసం 2019 నవంబరులో బెంగళూరులో జరిగిన శిక్షణ శిబిరంలో ఉండగా అతడి నుంచి తీసుకున్న నమూనాలో హైజెనమైన్ అనే పదార్థం ఉన్నట్టు తేలింది. 2020 డిసెంబరులో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే నాడా, క్రమశిక్షణ సంఘం అతడిపై రెండేళ్ల నిషేధం విధించింది. ఆ పదార్థం అతడి శరీరంలోకి ఎలా చేరిందన్నది ఇక్కడ మన చర్చ కాదు. హైజెనమైన్ అంటే ఏమిటన్నదే మీరు తెలుసుకోవలసింది.

అది మొక్కల్లో సహజంగా ఉండే పదార్థం. ఉబ్బసం రోగులు పీల్చే మందుల మాదిరిగా శ్వాసనాళాలను విప్పారజేస్తుంది, గుండె వేగాన్ని పెంచుతుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా, 2017 నుంచి దాన్ని పేరు పెట్టి నిషేధ జాబితాలో చూపుతోంది. పోటీల సమయంలోనే కాదు, ఏడాది పొడవునా అది నిషిద్ధమే. ఏ మొక్కల్లో ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు: వత్సనాభి జాతి మొక్కలు, తామర, సీతాఫలం చెట్టు, తిప్పతీగకు దగ్గరి చుట్టమైన టినోస్పోరా క్రిస్పా అనే తీగ. తామర గింజ లోపల ఉండే పచ్చని మొలకతో కాచిన కషాయం తాగితే మూత్రంలో అది పట్టుబడే స్థాయిని దాటుతుందని తైవాన్‌లో చేసిన పరిశోధన తేల్చింది. ఇది చదివి సీతాఫలాలు తినడం మానవలసిన పని లేదు. ఆకు, గింజ, వేరు వంటి వాటిని గాఢమైన సారంగా మార్చి, గుళికల్లో నింపి, ‘కొవ్వు కరిగించేది’ అనో ‘ఆటకు ముందు తాగేది’ అనో అమ్మే ఉత్పత్తులతోనే ప్రమాదం.

మన సంప్రదాయ ఔషధాల్లో నిషిద్ధ పదార్థాలున్నవి ఇంకా ఉన్నాయి. విషముష్టి గింజల్లో ఉండే స్ట్రిక్నిన్ వాడా జాబితాలో పేరుతో సహా ఉంది. నరాల బలహీనతకు, నొప్పులకు ఇచ్చే కొన్ని మాత్రల్లో శుద్ధి చేసిన విషముష్టి ఒక భాగం. సోమలతగా చెప్పే ఎఫెడ్రా జాతి మొక్కల్లో ఎఫెడ్రిన్ ఉంటుంది. పోటీ రోజున మూత్రంలో అది మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు మించితే దోషమే. గ్రంథాల్లో విజయ అని రాసే భంగు, అహిఫేనం అని రాసే నల్లమందు గురించి వేరే చెప్పనక్కరలేదు. మన ఔషధ చట్టం కింద విషముష్టి, వత్సనాభి, భంగు, నల్లమందు వంటివి ‘ఇ1’ షెడ్యూలులో ఉన్నాయి. అవి కలిసిన మందు మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరికను ఇంగ్లీషులోను, హిందీలోను ముద్రించాలి. తెలుగులో ముద్రించాలన్న నియమం లేకపోవడం వల్ల మన ఇళ్లలో చాలామంది కంటికి అది ఆనదు. మీరు మాత్రం వెదికి చూడండి.

మూలికలో దోషం లేకపోయినా డబ్బాలో ఉండవచ్చు. జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల నుంచి 634 సప్లిమెంట్లను కొని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించింది. లేబుల్ మీద హార్మోన్ల ప్రస్తావనే లేని ఆ డబ్బాల్లో 94 చోట్ల, అంటే నూటికి దాదాపు పదిహేను చోట్ల, కండ పెంచే హార్మోన్ సంబంధ పదార్థాలు దొరికాయి. మన దేశంలోనే 2011లో, అంతకుముందు ఏడాది కామన్వెల్త్ క్రీడల్లోను, ఆసియా క్రీడల్లోను 4×400 మీటర్ల రిలేలో బంగారు పతకాలు తెచ్చిన మహిళల బృందంలోని ముగ్గురితో సహా ఆరుగురు అథ్లెట్లు స్టెరాయిడ్ పరీక్షలో పట్టుబడ్డారు. కోచ్ చైనాలో కొని తెచ్చి ఇచ్చిన జిన్‌సెంగ్ గుళికలే కారణమని వారు వాదించారు. నాడా సంఘం ఆ వాదనను పరిగణించి నిషేధాన్ని ఏడాదికి పరిమితం చేసినా, 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లకు పెంచింది. ఇచ్చింది కోచ్ అయినా, గుళికలో కల్తీ ఎవరు చేసినా, శరీరంలో దొరికినదానికి క్రీడాకారులే బాధ్యులన్నది డోపింగ్ నియమాల పునాది. ఆ పునాది కఠినమైనదే. కాని అది లేకపోతే పట్టుబడిన ప్రతివారికీ కల్తీ ఒక సాకు అయ్యేది.

మీరు చేయవలసినది చెబుతాను. నమూనా ఇచ్చే రోజున మీ చేత నింపించే పత్రంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాయమని ఒక గడి ఉంటుంది. చాలామంది అందులో మాత్రల పేర్లు రాసి, కషాయాలు, చూర్ణాలు, లేహ్యాలు వదిలేస్తారు. వదలకండి. వాడిన ప్రతి డబ్బాను, బిల్లును, బ్యాచ్ నంబరుతో సహా భద్రపరచండి. మందులోని పదార్థాల పేర్లను నాడా వారి ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో సరిచూసుకోండి. అయితే ఫలానా సప్లిమెంటు సురక్షితమని నాడా గాని, వాడా గాని ధ్రువీకరణ ఇవ్వవు. డబ్బా మీద అలాంటి ముద్ర కనబడితే అది అబద్ధమే. 2023లో నాడా పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 దోషంగా తేలాయి. పెద్ద సంఖ్యలో పరీక్షలు జరిపే దేశాల్లో ఇంత ఎక్కువ నిష్పత్తి మరెక్కడా లేదు. కాబట్టి విశ్వవిద్యాలయ పోటీల దాకా వాళ్లెందుకు వస్తారులే అన్న ధీమా కూడా వద్దు.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి హైస్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో ఉంది, కాలేజీ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకుంది. గుంటూరు నుంచి మా అత్తగారు ఇంట్లో దంచిన అశ్వగంధ పొడి, పసుపు గుళికలు పంపారు. కోచ్ ఏమీ వాడవద్దంటున్నారు. అత్తగారు నొచ్చుకుంటారేమోనని మొహమాటంగా ఉంది.
– ఒక తల్లి, డల్లాస్

జవాబు: కోచ్ మాటే వినండి. అత్తగారి ప్రేమకు లోటు లేకుండా పసుపును కూరల్లో వాడుకోవచ్చు. అశ్వగంధ పొడిని పెద్దవారు ఎవరైనా మీ డాక్టరును అడిగి వాడుకోవచ్చు. అమ్మాయికి మాత్రం వద్దు.

అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఆహార సప్లిమెంట్లను అమ్మకానికి పెట్టేముందు ప్రభుత్వ అనుమతి అవసరం లేదు. హాని జరిగిన తర్వాతే ప్రభుత్వం కలగజేసుకుంటుంది. 2003 ఫిబ్రవరిలో బాల్టిమోర్ ఓరియోల్స్ బేస్‌బాల్ జట్టుకు చెందిన స్టీవ్ బెచ్లర్ శిక్షణలో వడదెబ్బ తగిలి మరణించాడు. అతడు బరువు తగ్గడానికి ఎఫెడ్రా వాడుతుండేవాడు. ఆ మరుసటి ఏడాది గాని ఎఫెడ్రా సప్లిమెంట్ల మీద నిషేధం రాలేదు.

కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏకు తనదైన నిషేధ జాబితా ఉంది, అది వాడా జాబితాకు నకలు కాదు. పుల్లనారింజ సారంలో ఉండే సినెఫ్రిన్ అనే ఉత్తేజకం వాడా జాబితాలో లేదు, ఎన్‌సీఏఏ జాబితాలో ఉంది. కెఫీన్‌ను వాడా 2004లోనే జాబితా నుంచి తొలగించింది. ఎన్‌సీఏఏ మాత్రం మూత్రంలో మిల్లీలీటరుకు 15 మైక్రోగ్రాములు మించితే దోషంగానే లెక్కిస్తుంది, అందులో గ్వారానా అనే దక్షిణ అమెరికా తీగ గింజల కెఫీన్ కూడా కలిసే ఉంటుంది. స్కాలర్‌షిప్ మీద ఆశ ఉన్న అమ్మాయి ఇప్పటి నుంచే ఏది నోట్లో వేసుకున్నా ముందు జట్టు ట్రైనర్‌ను అడిగే అలవాటు చేసుకోవాలి. ఎప్పుడైనా ఏదైనా తప్పనిసరి అయితే ‘ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్’ వంటి బయటి పరీక్షల గుర్తు ఉన్నది ఎంచుకోండి. ఇంట్లో దంచిన పొడికి అలాంటి గుర్తు ఉండే వీలే లేదు కదా.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా బాస్కెట్‌బాల్ పిల్లలంతా రైతు, కూలీ కుటుంబాలవారు. డబ్బాలు కొనే స్థోమత లేదు. బీట్‌రూట్ రసం, కాఫీ మంచివని విన్నాను. తక్కువ ఖర్చులో వీరి ఆటను మెరుగుపరిచేది ఏదైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

జవాబు: మాస్టారూ, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది మీదే.

బీట్‌రూట్‌లోని నైట్రేట్లు రక్తనాళాలను విప్పారజేసి కండరాలు తక్కువ ఆక్సిజన్‌తో పని చేసేలా చేస్తాయి. దూరపు పరుగు, సైక్లింగ్ వంటి వాటిలో దాని మేలు నిజమే. కాని స్పెయిన్‌లో పదిహేను, పదహారేళ్ల బాస్కెట్‌బాల్ కుర్రవాళ్ల మీద దాన్ని పరీక్షించి 2020లో ఇచ్చిన ఫలితాల్లో, ఆటకు ముందు ఒకసారి రసం తాగినందువల్ల ఎగరడంలో గాని, పరుగులో గాని, మ్యాచ్‌లో కదలికల్లో గాని మెరుగుదల లేదు. కూరగా వండి పెట్టండి, రసం మీద ఖర్చు వద్దు. కెఫీన్ సంగతి అలా కాదు. కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చినప్పుడు అనుభవం ఉన్న బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు మరికాస్త ఎత్తుకు ఎగిరినట్టు స్పెయిన్ పరిశోధకులే చూపారు. మొక్కల నుంచి వచ్చే పదార్థాల్లో ఈ ఆటకు నేరుగా పనిచేసినట్టు తేలినది బహుశా ఇదొక్కటే. అయినా బడి పిల్లలకు నేను సిఫారసు చేయను. నిద్ర చెడిపోతుంది, ఆ నష్టం లాభాన్ని మించుతుంది.

నిద్ర విలువ చెప్పే పరిశోధన బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీదే జరిగింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ జట్టులో 11 మందిని ఐదు నుంచి ఏడు వారాలపాటు రాత్రికి పది గంటలు పక్క మీద ఉండేలా చూసి 2011లో ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు 16.2 సెకన్లు పట్టిన కోర్టు పరుగు 15.5 సెకన్లకు తగ్గింది. ఫ్రీ త్రోలలో, మూడు పాయింట్ల షాట్లలో గురి తొమ్మిది శాతం చొప్పున పెరిగింది. పోల్చి చూడడానికి మామూలుగా నిద్రపోయిన రెండో జట్టు అందులో లేదన్నది లోపమే. అయినా గురిలో ఇంత మార్పు చూపిన మూలిక ఒక్కటీ లేదు. తెల్లవారుజామున ఐదింటికి అభ్యాసం పెట్టే మాస్టర్లు రాత్రి పిల్లలు ఎన్నింటికి పడుకుంటున్నారో ఒక్కసారి వాకబు చేయాలి.

మీ ప్రాంతపు ఎండల్లో నీటి విషయం ఇంకా ముఖ్యం. పన్నెండు నుంచి పదిహేనేళ్ల బాస్కెట్‌బాల్ పిల్లల శరీర బరువులో రెండు శాతం నీరు తగ్గినప్పుడు వారి పరుగూ, గురీ రెండూ దెబ్బతిన్నట్టు ఒక అధ్యయనంలో తేలింది. యాభై కిలోల పిల్లవాడికి రెండు శాతమంటే ఒక కిలో, అంటే లీటరు నీరు. బడిలో బరువు తూచే యంత్రం ఉంటే అభ్యాసానికి ముందూ తర్వాతా తూచండి. తడిసిన బనియన్ విప్పించి తూచాలి, లేకపోతే చెమట బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ఎవరికి ఎంత తగ్గుతోందో వారం రోజుల్లో మీకే అర్థమవుతుంది. విరామాల్లో నీళ్లు, ఆట అయ్యాక ఉప్పు వేసిన పలచని మజ్జిగ చాలు.

ఆడపిల్లల విషయంలో ముందుగా చూడవలసినది రక్తహీనత. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న పిల్లకు రెండో క్వార్టర్‌లోనే ఆయాసం వస్తుంది, మనమేమో దాన్ని బద్ధకం అనుకుంటాం. వారానికోసారి బడిలో ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కడుపులో తిప్పుతుందని చాలామంది దాన్ని కిటికీలోంచి పారేస్తారు. భోజనం తర్వాత మీ ఎదుటే మింగించండి. టీ తాగిన వెంటనే కాకుండా చూడండి, ఎందుకంటే టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, నిమ్మకాయ, ఉసిరి పట్టేలా చేస్తాయి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా తప్పిపోకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష ఉచితం. తక్కువగా ఉన్నవారికి వారానికొక మాత్ర సరిపోదు, డాక్టరు చెప్పిన మోతాదు వాడాలి.

కండకు కావలసిన మాంసకృత్తుల కోసం మధ్యాహ్న భోజనంలో వచ్చే గుడ్డు, వేరుశనగ చిక్కీ, ఇంట్లో పప్పు ఉన్నాయి. గుడ్డు తినని పిల్లలుంటే వారి వాటా పక్కవాడికి పోకుండా, బదులుగా ఉడికించిన శనగలు ఏర్పాటు చేయండి.

ప్రశ్న: రీబౌండ్ కోసం ఎగిరి దిగినప్పుడు చీలమండ మెలిక పడింది. నొప్పికి పసుపు, మిరియాల సారం ఉన్న మూలికా గుళికలు వేసుకుంటూ ఆడవచ్చునా?
– ఒక ఆటగాడు, కరీంనగర్

జవాబు: పసుపులోని కర్కుమిన్ తీవ్రమైన వ్యాయామం తర్వాత వచ్చే కండరాల నొప్పిని కొంత తగ్గిస్తుందని కొన్ని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. పసుపులో అది నూటికి మూడు పాళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది, పైగా ఒంటికి సరిగా పట్టదు. అందుకే గుళికల్లో దాన్ని గాఢపరిచి, మిరియాల సారం చేర్చి, పట్టేలా చేస్తారు. అలా పట్టేలా చేసిన గుళికలతోనే కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. రక్తం పలచబడే మందులు వాడేవారు వీటి జోలికే వెళ్లకూడదు.

మీ సమస్య కండరాల నొప్పి కాదు, కీలు చుట్టూ ఉండే బంధనాలు సాగడమో, చినగడమో. ఏ గుళికా వాటిని వారంలో అతికించలేదు. నొప్పిని అణచుకుని ఆడితే అదే చీలమండ మళ్లీ మెలిక పడుతుంది. బట్టలో చుట్టిన ఐసు, బిగుతైన కట్టు, కాలు ఎత్తుగా పెట్టుకోవడం మొదటి రెండు రోజులకు చాలు. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు చెప్పిన బ్యాలెన్స్ వ్యాయామాలు మొదలుపెట్టాలి. గాయమైన వెంటనే గాని, ఇప్పుడు గాని ఆ కాలి మీద నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు రెండు వైపులా పొడుచుకువచ్చినట్టుండే ఎముకల వెనుక అంచున నొక్కినప్పుడు నొప్పి ఉన్నా, ముందు ఎక్స్‌రే తీయించండి.